గోడలో కప్పబడిపోయిన చెక్కదిమ్మలు

డెబ్బైల మధ్యలో మేం గవర్నర్‌పేటలో ఒక పాత ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్లం. మావారు రైల్వేలో గూడ్సు గార్డు. నేను టెలిఫోన్ ఆపరేటర్ని. మాతో మా అత్తగారు ఉండేది. పక్షవాతం వచ్చి ఆవిడ ఎడంచెయ్యి పూర్తిగా పడిపోయింది. ఎడంకాలు ఈడ్చుకుంటూ నడిచేది. నడక ఎలాగో నడిచేది గానీ, కూర్చున్నచోట నుంచి లేవడమే గండం.

అందుకు మావారు ఒక ఉపాయం చేశారు. ఆవిడ మంచం అంచున కూర్చుంటే కుడివైపు గోడ ఉండేది. ఆ గోడకి అడ్డంగా ఒక గుండ్రటి కర్ర బిగించారు. ఆ కర్ర పట్టుకుని, "ప్రభువా" అని ఒక్క ఊపుతో లేచేది మా అత్తగారు. మేమిద్దరం డ్యూటీల్లో ఉన్నా పెరట్లోకి తనే వెళ్లి వచ్చేది. అది మట్టితో కట్టిన పాత ఇటుక గోడ. ఎక్కడ మేకు కొట్టినా పొడి రాలేది తప్ప నిలిచేది కాదు. మాకంటే ముందు అద్దెకున్నవాళ్లెవరో అలమర బిగించుకోడానికి ఆ గోడలో రెండు టేకు దిమ్మలు పాతించారు. మావారు కర్రని ఆ దిమ్మలకే స్క్రూలతో బిగించారు.

ఒక ఏడు వానలకి ఆ గది గోడలు ఉబ్బి, పూత పెచ్చులుగా ఊడిపడింది. ఇంటాయన సిమెంటు పూత వేయిస్తానన్నాడు. మా అత్తగారిని కంకిపాడులో మా ఆడపడుచు ఇంటికి పంపాం. "ఆ దిమ్మలు మాత్రం కప్పెయ్యకు బాబూ" అని తాపీమేస్త్రీకి మావారు చెప్పారు, నేనూ చెప్పాను. మేమిద్దరం డ్యూటీకి వెళ్లిన రోజున అతను కర్ర ఊడదీసి వరండాలో పడేసి, గోడంతా అద్దంలా నున్నగా పూసి, సున్నం కూడా కొట్టించి వెళ్లిపోయాడు.

మావారు గన్నవరం వెళ్లి, అక్కడ వేరే పనిలో ఉన్న అతన్ని పట్టుకున్నారు.

"ఉంటాయండీ, ఆ గోడలోనే ఉంటాయి. ఎక్కడికి పోతాయి?" అన్నాడట.

ఈలోగా మా అత్తగారు తిరిగొచ్చేసింది. అల్లుడింట్లో ఎక్కువ రోజులుండడం ఆవిడకి నచ్చదు. మంచం మీద కూర్చుని, అలవాటుగా కుడిచెయ్యి చాపి, ఖాళీ గోడ తడిమి నా వైపు చూసింది. ఆ రోజు నుంచి ఆవిడని లేపడం నా పని అయింది. మావారు లైను మీద ఉంటే మరో మనిషి లేదు. పొద్దున లేపి, అన్నీ చేసి కూర్చోబెట్టి వెళ్లాలి. ఎక్స్ఛేంజీలో చెవులకి హెడ్‌ఫోన్ బరువు తగిలించుకుని, షిఫ్టు అయిందాకా బోర్డులో తీగలు గుచ్చుతూ, తీస్తూ ఉండాలి. ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా ముందు ఆవిడని లేపాలి. నేను వచ్చేదాకా ఆపుకోవాల్సొస్తుందని ఆవిడ మంచినీళ్లు తాగడం మానేసింది. అది తెలిశాక ఆఫీసులో నాకూ గ్లాసెత్తబుద్ధయ్యేది కాదు. నడుంనొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఏం చెయ్యను?

కొత్త పూత పగలగొట్టి వేరే దిమ్మలు పాతితే ఇంటాయన ఊరుకోడు. అందుకని మావారు డ్యూటీ లేనప్పుడల్లా పాత దిమ్మల కోసం వెతికేవారు. వేలి కణుపులతో గోడ కొట్టి చెవి ఆనించేవారు. అంతటా ఒకటే చప్పుడు. కొత్త పూత మందంగా ఉంది. సన్న మేకు తీసుకుని ఇక్కడా అక్కడా దింపి చూసేవారు. మేకు పూత దాటగానే మెత్తగా మట్టిలోకి పోయేది. తెల్లటి గోడకి అమ్మవారు పోసినట్టయింది.

"అబ్బాయ్, నన్ను నా చోట కూర్చోబెట్టు. కళ్లు మూసుకుని చెయ్యి చాపుతాను. చేతికి తెలుసు" అంది మా అత్తగారు ఒక ఆదివారం.

కూర్చోబెట్టాం. కళ్లు మూసుకుని చెయ్యి చాపింది. చెయ్యి తగిలినచోట మావారు బొగ్గుతో గుర్తు పెట్టి, దాని వెంట అటూ ఇటూ మేకు దింపారు. అంతా మట్టే. ఆవిడ కళ్లు తెరిచి గోడ చూసి, "నా చేతికే తెలీకుండా పోయిందా" అని ఏడ్చింది. "నన్ను కంకిపాడు పంపించెయ్యండిరా. అమ్మాయి నడుం విరిగిపోతోంది" అంది. దాచాననుకున్నది ఆవిడ చూస్తూనే ఉందన్నమాట.

"మీరెక్కడికీ వెళ్లొద్దు అత్తయ్యా" అన్నాను. అంతకంటే మాట్లాడే ఓపిక లేదు.

మర్నాడు ఆవిడ పక్క సర్దుతుంటే నాకు తట్టింది. మంచం మీద మడతపెట్టిన దుప్పట్లున్నాయి. ఆవిడ వెంట తీసుకెళ్లిన దూదిపరుపు కంకిపాడులోనే ఉంది. దూది ఏకించి కొత్త గలీబు కుట్టించి పంపుతానని మా ఆడపడుచు అట్టే పెట్టుకుంది. అంటే ఆవిడ ఇప్పుడు కూర్చుంటున్నది ఇదివరకటి ఎత్తులో కాదు. చెయ్యీ అంతే కిందికి పోతోంది.

మావారు డ్యూటీ దిగి, నిద్ర కూడా పోకుండా వెళ్లి, బస్సు టాపు మీద పరుపు వేసుకుని తెచ్చారు. ఏకించిన దూది పొంగి ఉంటుందని నన్ను పరుపు మీద కూర్చుని అణచమన్నారు. కూర్చున్నదాన్ని అలాగే ఒరిగి నిద్రపోయాను. వాళ్లు లేపలేదు. కాసేపటికి నేనే లేచాను.

ఈసారి ఆవిడ చెయ్యి బొగ్గు గుర్తుకి బెత్తెడు పైన తగిలింది. మావారు మేకు పెట్టి కొట్టారు. పూత దాటాక మేకు ఆగింది. మళ్లీ కొడితే బిగువుగా, కొంచెం కొంచెంగా దిగింది. వెనక్కి లాగితే మొనకి ఎర్రటి చెక్కపొట్టు అంటుకుని ఉంది. ఆయన ఆ మేకుని తల్లికి చూపించారు. ఆవిడ వేలితో ఆ పొట్టు తుడిచి వాసన చూసింది.

రెండో దిమ్మ వెతకక్కర్లేదనుకున్నాం. కర్ర రెండు కొసలా స్క్రూ రంధ్రాలున్నాయి కదా. కర్రని మట్టంగా పట్టుకుని రెండో రంధ్రంలోంచి మేకు కొడితే ఒక్క దెబ్బకి తలదాకా పోయింది. పూత తవ్వి చూస్తే దిమ్మ ఉంది, లోపలంతా చెదలు. చిటికెడు చెక్క మిగలలేదు. ఆ కన్నం శుభ్రం చేసి కొత్త టేకుముక్క పెట్టి సిమెంటు కూరారు. అది గట్టిపడేదాకా ముట్టుకోవద్దన్నారు. అంటే అన్నాళ్లూ మళ్లీ నేనే.

ఆ మధ్యలోనే ఇంటాయన వచ్చాడు. గోడ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏంటండీ ఇది? కొత్త పూత! తుపాకీతో కాల్చినట్టు చేశారు!"

మావారు ఏదో చెప్పబోయారు. మా అత్తగారు ఆపింది.

"బాబూ, మీరొకసారి ఇలా కూర్చోండి."

ఆయన అర్థంకాక మంచం మీద కూర్చున్నాడు. భారీ మనిషి.

"ఎడంచెయ్యి ఆనించకుండా, ఎడంకాలు ఊతం లేకుండా లేవండి."

ఆయన నవ్వి ప్రయత్నించాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. నవ్వు పోయింది. చివరికి రెండు చేతులూ ఆనించి లేచి, పంచె సర్దుకుని, "సున్నం మాత్రం మీరే వేయించుకోండమ్మా" అని వెళ్లిపోయాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. అందరం ఎవరి ఇబ్బందిలో వాళ్లం ఉన్నాం.

కర్ర బిగించిన సాయంత్రం నేను అప్పుడే ఎక్స్ఛేంజీ నుంచి వచ్చి, వంటింట్లో గోడకి చేరగిలబడి ఉన్నాను. మావారు కర్రకి వేలాడినంత పని చేసి చూసుకున్నాక తల్లిని పట్టుకోమన్నారు. అటునుంచి "ప్రభువా" అన్న మాట, కాలు ఈడ్చిన చప్పుడు వినిపించాయి. వెళ్లి చూడాలనిపించింది గానీ ఒళ్లు కదల్లేదు.

పెరట్లోకి వెళ్లి వచ్చి, ఆవిడే వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అమ్మాయ్, కాస్త కాఫీ ఉందా?"

"ఉంది అత్తయ్యా, ఇస్తా."

"నువ్వు కూర్చో. నేను పోసుకుంటాలే" అని లోపలికొచ్చి, ఒంటిచేత్తో గిన్నె వంచబోయి సగం కాఫీ పొయ్యిమీదే ఒలకబోసింది. ఇద్దరం ఆ పొయ్యి వైపు చూశాం. నేను లేచి గుడ్డ తీసుకున్నాను.

"మిగిలింది నువ్వు తాగు" అంది ఆవిడ.

నిలబడే తాగేశాను.