అమ్మ ఒప్పుకున్న సారె సకినాలు

నా చిన్నప్పుడు మట్టెవాడలో మా ఇంటి తలుపు పట్టపగలు మూసి ఉండగా నేను చూసింది ఒక్క రోజే. మా వీధిలో పగలు తలుపు మూస్తే ఎవరికో ఒంట్లో బాగాలేదనో, మొగుడూ పెళ్లాలు గొడవపడ్డారనో అనుకునేవాళ్లు. ఆ రోజు మా ఇంట్లో ఆ రెండూ కాదు. మా అమ్మ సకినాలు చుడుతోంది. ఆ మాత్రానికి తలుపు మూయాలా అని మీరు అడగవచ్చు. ఆ వయసులో నేనూ అడిగి చీవాట్లు తిన్నాను.

మా నాన్న ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. ఆ ఏడు దుకాణం మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో కట్టు కట్టి, లేచి తిరగడానికి చాలా నెలలు పడుతుందన్నారు. దుకాణం యజమాని చెడ్డవాడేం కాదు, కొన్నాళ్లు ఓపిక పట్టాడు, తర్వాత ఇంకొకరిని పెట్టుకున్నాడు. ఇక అందరం కేసముద్రం దగ్గర మా మేనమామల ఇంటికి వెళ్లిపోవడం ఒక్కటే దారి అని పెద్దవాళ్లు తేల్చేశారు. అక్కడ తిండికి లోటు లేదు. కానీ ఆ ఊరి బడి అయిదో తరగతితో సరి, నేనేమో ఆరులో ఉన్నాను. వెళ్తే నా చదువు అక్కడితో ఆగిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనలేదు.

అలాంటి సమయంలో బజారులోని ఒక వ్యాపారుల ఇంటి పెద్దావిడ మా గడప తొక్కింది. ఎప్పుడో ఎవరి ఇంట్లోనో మా అమ్మ చేసిన సకినాలు తిన్నదట. తన మనవరాలి పెళ్లి. అత్తారింటికి పంపే సారెలోకి సకినాలు చేసిపెట్టమని, కూలి ఇస్తానని అడిగింది. "మంచిగొస్తే మా బజారంత నీకే పని చెప్తరు" అని కూడా అంది. మంచం మీద పడుకున్న నాన్న గోడవైపు తిరిగాడు. తన భార్య ఊరివాళ్లకు వండి అమ్మడం ఆయనకు తలకొట్టేసినట్టయింది. అమ్మ ఆయన ముఖం చూడకుండానే సరేనంది. ఈ ఒక్కటి గట్టెక్కితే మట్టెవాడలో ఉండిపోవచ్చు, లేకపోతే మామయ్యల ఇల్లే. నా తలరాత కూడా ఆ సకినాల మీదే ఉందన్నమాట.

మా వైపు సకినాలు ఒక్కరు చేసే పని కాదు. బియ్యం నానబోసిన మాట చెవిన పడితే చాలు, చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి కూర్చుంటారు. తడిపిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ, పరిచిన పాత ధోవతి మీద చుట్లు చుట్లుగా వదులుతారు. ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో. కూలి మాటే ఉండదు, అడిగితే కోపాలు వస్తాయి. ఇక్కడే మా అమ్మకు చిక్కు వచ్చిపడింది. కూలికి ఒప్పుకున్న సకినాలకు ఊరకే రమ్మని పిలిస్తే వాళ్లను మోసం చేసినట్టు. అసలు సంగతి చెబితే నాన్న పరువు వీధిలో పడ్డట్టు. అందుకని ఎవరినీ పిలవకుండా తలుపు మూసేసింది.

తలుపైతే మూసింది గానీ, బియ్యం మాత్రం చేయి అలవాటు కొద్దీ నానబోసింది. ఆమె పుట్టింట్లో సకినాలంటే ఇల్లు నిండా ఆడవాళ్లు. ఆమె చేతికి వచ్చిన కొలత అది. తెల్లవారకముందే, మా వీధి పిండిగిర్ని కాదని ఎక్కడో దూరంగా ఉన్న గిర్నికి వెళ్లి పట్టించుకొచ్చింది. పెద్ద బేసిను నిండా తడిపిండి చూశాక గానీ తెలియలేదు, దాని ముందు కూర్చునేది మేమిద్దరమే అని. పైగా ఎండాకాలం. తడిపిండి సాయంత్రానికి పులుస్తుంది. పులిసిన పిండి నూనెలో ఎర్రబడిపోయి, పళ్లు ఊడేంత గట్టిగా అవుతుంది. అలాంటివి సారెలో పెడితే వియ్యాలవారి ముందు పెళ్లికూతురి తల్లి తల దించుకోవలసిందే.

నేను చుట్టినవి వానపాముల్లా వచ్చాయి. అమ్మ వాటిని విప్పి మళ్లీ పిండిలో కలిపేది. పిండిలోని నువ్వులు రాసుకుని ఆమె బొటనవేలు ఎర్రగా కందింది. ఎండ నడినెత్తికి వస్తున్నా పిండి తరిగినట్టే లేదు. పరిచిన గుడ్డలు మాత్రం నిండిపోయాయి. ఇంకో ధోవతి కావాలి. నన్ను పక్కింటికి పంపుతూ, బొంత కుట్టడానికని చెప్పమంది.

పక్కింటి పెద్దమ్మ మాకు చుట్టం కాదు, గోడకు గోడ ఆనుకున్న వరస. బీడీలు చుట్టేది. నోరు మాత్రం మిరపకాయ. నేను బొంత సంగతి చెప్పగానే నన్ను పైనుంచి కిందికి చూసింది. నా మోచేతుల దాకా ఎండిన పిండి.

"ఎండకాలం బొంతనా బిడ్డా? కుట్టుండ్రి, కుట్టుండ్రి. చలి ముంచుకొస్తాంది గద" అంది.

ఉతికిన ధోవతి చేతిలో పెట్టి, ఇంకేమీ అడగకుండా పంపేసింది. గండం గడిచిందనుకున్నాను. అమ్మ గుడ్డ పరిచి పట్టుమని పది చుట్టిందో లేదో, తలుపు దబదబా మోగింది. తీస్తే పెద్దమ్మ. చంకలో గుడ్డ కప్పిన గిన్నె, వెనకాల మా వీధి ఆడవాళ్లు నలుగురైదుగురు.

"చెల్లె, మా ఇంట్ల సున్నమేస్తాండ్రు. మా బిడ్డకు సకినాలు పంపాలె. మీ వాకిట్ల కూసోని చుట్టుకుంటం, జర జాగ ఇయ్యి" అంది.

అమ్మ తలుపు పక్కకు జరిగింది. పెద్దమ్మ తన గిన్నెను ఒక మూల పెట్టి, తిన్నగా వచ్చి మా బేసిను ముందు కూర్చుంది. మిగతావాళ్లూ చీర కుచ్చిళ్లు దోపుకుని చుట్టూ చేరారు. వాళ్ల పిండి మా బేసినులోకి ఎలా వచ్చిందని ఒక్కరూ అడగలేదు. నేను ఉండబట్టలేక మూలనున్న గిన్నె మీది గుడ్డ ఎత్తి చూశాను. గిన్నె ఖాళీ.

అమ్మ ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉంది. "నిలబడ్డవేంది? గౌరమ్మను పెట్టినవా, లేదా?" అని పెద్దమ్మ గద్దించింది. సకినాలు మొదలుపెట్టే ముందు పిండితో చిన్న గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ. దాచి చేసే హడావిడిలో అమ్మ అదే మరిచిపోయింది. అప్పుడు ఏడ్చింది మా అమ్మ. ఏడుస్తూనే గౌరమ్మను చేసింది, అందరికీ బొట్టు పెట్టింది. వాళ్లు చూడనట్టే ఊరి ముచ్చట్లు మాట్లాడుకుంటూ చుట్టారు.

వాకిట్లోకి నీడ వచ్చేసరికి బేసిను అడుగు కనబడింది. పెద్దమ్మే పొయ్యి ముందు కూర్చుని మొదటి వాయ వేసింది. అందరం పొయ్యి చుట్టూ చేరాం. నా కళ్లన్నీ మూకుడులోనే. ఎర్రబడితే నా బడి పోయినట్టే. తెల్లగా, దోరగా పైకి తేలాయి. పెద్దమ్మ ఒకటి విరిచి నా నోట్లో పెట్టింది. కరకరలాడింది. "ఇగ ఫికర్ లేదు" అంది. మిగతా ముక్క కూడా లాక్కుని తినేశాను.

లోపలి నుంచి నాన్న నన్ను పిలిచాడు. గంపలు తన మంచం దగ్గరికి తెమ్మన్నాడు. దుకాణంలో ఏళ్ల తరబడి మూటలు కట్టిన చేతులు కదా, వరస వరసకూ కాగితం వేసి, ఒక్కటి విరగకుండా పేర్చాడు. పడిపోయిన నాటి నుంచి ఆయన పని చేయడం నేను చూసింది అదే మొదలు.

చివరికి అమ్మ ఉండబట్టలేక చెప్పేసింది. "అక్కా, ఇవి బజారోల్ల సారె సకినాలు. పైసలకు ఒప్పుకున్న."

"ఎరుకే. ఆ పెద్దామె మీ ఇంటికొచ్చిననాడే అనుకున్న, ధోతి అడగంగనే ఎరుకైంది" అంటూ పెద్దమ్మ నవ్వింది. "పైసలకు చేస్తే తప్పా? నేను బీడీలు చుడ్తలేనా? ఇయ్యాల ఊకెనే వచ్చినం. మల్ల మాత్రం కూలికి పిలువు. వీళ్లకు గూడ పని గావాలె."

ఆ మాటతో అమ్మ ముఖం మారిపోయింది. సాయం అడగడమంటే చేయి చాచడం అనుకుని పొద్దుటి నుంచి కుమిలిపోయిన మనిషి. వాళ్లకు కూడా పని దొరకడం ఒక అవసరమని ఆమెకు తట్టనే లేదు.

సారె వెళ్లింది, మాట దక్కింది. కొద్ది రోజులకే అదే బజారు నుంచి ఇంకొకరు వచ్చి అడిగారు. ఆ సాయంత్రం అమ్మ వీధి మధ్యకు వెళ్లి నిలబడి, నాన్నకు కూడా వినిపించేలా కేకేసింది. "అక్కా, ఎల్లుండి సకినాల పనున్నది. కూలికి వస్తరా?" నాన్న ఈసారి గోడవైపు తిరగలేదు. గంపలు ఎన్ని కావాలని అడిగాడు. మేం కేసముద్రం వెళ్లలేదు. నేను ఏడో తరగతికి, ఆ తర్వాత పంతులమ్మ ఉద్యోగానికి కూడా మట్టెవాడ నుంచే వెళ్లాను.

మా ఆయన పోయాక, వచ్చే పింఛను చాలక పిల్లలకు ట్యూషన్ చెబుదామనుకున్నాను. ఈ వయసులో ఇదేం ఖర్మ, ఎవరికీ తెలియకుండా చెప్పుకోమని నా తోటివాళ్లు సలహా ఇచ్చారు. నేను గేటు దగ్గర నిలబడి పక్కింటామెను గట్టిగా పిలిచాను. "చెల్లె, రేపటి సంది పిల్లలకు చదువు చెప్తాన్న. నువ్వు లెక్కలు మంచిగ చెప్తవు గద, జీతానికి వస్తవా?" ఆమె చేతిలో పని వదిలేసి గేటు దగ్గరికి వచ్చింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఇలా ఎవరైనా అడుగుతారేమోనని ఏడాదిగా చూస్తున్నానంది.