నాన్న నడక కోసం వెతికిన కాగితాలు

డెబ్బయ్యో దశకం చివర్లో నేను వ్యాయామ విద్యలో పై చదువు చదువుతున్నాను. సిద్ధాంత వ్యాసంలో ముందుగా, నా అంశం మీద అంతకుముందు ఎవరెవరు ఏం తేల్చారో రాయాలి. గుండెపోటు వచ్చినవాళ్లకు నడక మంచిదా కాదా అన్నది నా అంశం. ఎందుకు ఎంచుకున్నావని మా ప్రొఫెసరు అడిగితే, కొత్త విషయమని చెప్పాను. అసలు కారణం సొంత రాష్ట్రానికి దూరంగా, ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లోని భుయ్యాడీహ్ బస్తీలో మా ఇంట్లో మంచం మీద ఉంది.

మా నాన్న ఉక్కు కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఆ వేసవిలో డ్యూటీలోనే కూలిపోయాడు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు గారు నడవొద్దన్నారు. నాన్న ఆ మాట పొల్లుపోనివ్వలేదు. వానలు వెలిసేసరికి పిక్కలు కరిగిపోయాయి. ఒకరోజు లేవబోయి, తూలి, అమ్మ భుజం పట్టుకున్నాడు.

"ఈ కాళ్లు నావి కావే," అన్నాడు అమ్మతో.

మా కాలేజీ లైబ్రరీలో ఆటల నియమాల పుస్తకాలే ఉండేవి. ఊళ్లో ఒక ఆసుపత్రిలో డాక్టర్ల కోసం చిన్న లైబ్రరీ ఉందని విని వెళ్లాను. దాన్ని చూసుకునే బెంగాలీ పెద్దాయన, బయటివాళ్లకు అనుమతి లేదని రెండుసార్లు పంపేశారు. మూడోసారి ఏమనుకున్నారో, కిటికీ పక్క బల్ల చూపించారు.

వెతకడం ఆయనే నేర్పారు. వైద్య పత్రికల్లో వచ్చిన వ్యాసాల పేర్లన్నీ అంశాల వారీగా అచ్చువేసిన లావుపాటి సంపుటాలు ఉండేవి. వాటిలో పేరు పట్టుకుని, పత్రిక కోసం బీరువాలు వెతకాలి. ఒక వ్యాసం దొరికితే దాని చివర ఇచ్చిన జాబితా ఇంకో పదింటికి దారి చూపేది. అక్కడ లేనివాటి కోసం, ఒక ప్రతి పంపమని విదేశాల్లో ఉన్న రచయితలకే కార్డులు రాసేదాన్ని. చాలామంది జవాబివ్వలేదు. వారాల తర్వాత ఒక కవరు వస్తే, నాన్న దాన్ని చేత్తో తడిమి అడిగాడు.

"ఏటమ్మా, ఇందులో నాలాటోళ్లున్నారేటి?"

"లేరు నాన్నా. అందరూ ఆఫీసుల్లో కూచునేవాళ్లే."

"ఐతే నన్ను రాసీ మరి," అన్నాడు. నవ్వలేదు.

ఒక మధ్యాహ్నం లైబ్రరీ పెద్దాయన నేను రాసుకున్న చీటీలన్నీ తిరగేసి, హిందీలో నెమ్మదిగా అడిగారు.

"నిన్న రెండు వ్యాసాలు చదివి పక్కన పెట్టావు. వాటికి చీటీలు లేవేం?"

తొందరపడి నడిపిస్తే ప్రమాదమని హెచ్చరించిన వ్యాసాలవి. అప్పుడు నాన్న సంగతి చెప్పాను. ఆయన చీటీలు నా ముందుకు జరిపారు.

"మీ నాన్నగారి కోసమైతే అవి మరీ రాసుకోవాలమ్మా."

ఆ సాయంత్రమే వాటిని తెప్పించుకుని, అక్షరం వదలకుండా రాసుకున్నాను. వారం తర్వాత రెండు రకాల చీటీలూ డాక్టరు గారి ముందు పెట్టాను. కోప్పడతారనుకున్నాను. ఆయన ఓపిగ్గా చదివారు. నాన్నను మళ్లీ పరీక్షించి, రోజూ నాడి చూసుకుంటూ గుమ్మం దాకా నడిపించమన్నారు. నేను గడియారం పట్టుకుని పక్కన నడిచేదాన్ని. గుమ్మం తర్వాత సందు చివరి దాకా, ఎండలు ముదిరేలోగా సువర్ణరేఖ నది ఒడ్డు దాకా. అక్కడ ఆగి నాన్న తన కాళ్లకేసి చూసుకున్నాడు.

ఫ్యాక్టరీవాళ్లు నాన్నను మళ్లీ కొలిమి దగ్గరికి పంపలేదు. తేలికపాటి పని ఇచ్చారు. నాలుగేళ్లు పొద్దున్నే నడిచాడు. రెండోసారి గుండెపోటు వచ్చినప్పుడు అరుగు మీద కూచుని ఉన్నాడు. ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు.

కర్మ అయిన తర్వాత అమ్మ ఒక్కసారే అడిగింది. "నడిపించకపోతే ఇంకొన్నాళ్లు ఉండేవోడేమోనే?"

నేను చదివిన వ్యాసాలన్నీ చాలామంది మనుషుల గురించి. ఒక్క మనిషి గురించి అమ్మ అడుగుతోంది. తెలీదమ్మా అన్నాను. అమ్మ తలూపి వంటింట్లోకి వెళ్లింది.