గాలి పోయినా నడిచే టైర్లు

కామారెడ్డిల ఎల్లారెడ్డి బస్సెక్కి, టైర్ల షాపాయనతో ఫోన్ల మాట్లాడుతున్న. నా కారుకు కొత్త టైర్లు వేయించాలె. ఎండకాలం రోడ్డును గట్టిగ పట్టేవి, అన్ని కాలాలకు పనికొచ్చేవి, పంక్చరైనా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్లు అని మూడు రకాలు చెప్పిండు. రన్‌ఫ్లాట్లతోని గుంతలల్ల కుదుపు ఎక్కువుంటదన్నడు. అన్ని కాలాలవే వేయమని ఫోన్ పెట్టేసిన.

పక్క సీట్ల ఒకామె, నలభై ఏండ్లుంటయి, నా దిక్కు తిరిగింది.

"గాలి పోయినా బండి ఆగదా, అన్నా?"

"ఊరు చేరేదాక పోతదట, అక్కా."

ఆమె కిటికీల నుంచి బయటికి చూసింది.

"మా చెల్లెను కాన్పుకు కామారెడ్డి తీస్కపోతుంటే లింగంపేట దాటినంక టైరు పోయింది. వానల డ్రైవర్ టైరు మారుస్తుంటే నేను గొడుగు పట్టిన. బిడ్డ కార్లనే పుట్టింది."

"ఇద్దరు మంచిగున్నరా?"

"బిడ్డ నా దగ్గరనే ఉంటది. నాలుగో తరగతికొచ్చింది."

లింగంపేటల ఆమె దిగిపోయింది. బస్సు కదిలినంక షాపాయనకు మళ్ళ ఫోన్ చేసిన.

ఇప్పుడు కారు గుంతల పడి కుదిపినప్పుడల్లా ఇంట్లోవాళ్ళు, ఈ టైర్లే ఎందుకు వేయించినవని అడుగుతరు. షాపాయన మంచివన్నడని చెప్త.