షట్టరు ముందు కుర్చీ

తెలంగాణ రాష్ట్రం ఇంకా రాని రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ప్రశ్నపత్రాలు దిద్దేదాన్ని. పిల్లలు రాసినవి కాదు, పిల్లలకు ఇవ్వబోయేవి. టైపు అయి వచ్చిన ప్రతి ప్రశ్నా చదివి, నాలుగు ఆప్షన్లలో సరైన జవాబు ఉందా, లేదా, ఒకటికి రెండు ఉన్నాయా అని చూసి ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాలి. మెట్ల కింద చిన్న గది నాది. ట్యూబులైటు గుయ్‌మని మోగుతుంటే తీయించేసి టేబుల్ లైటు తెచ్చుకున్నాను. సెంటర్ నడిపే సారు సరేనన్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, పేపరులో తప్పులు లేకపోతే చాలు ఆయనకు. దానికి ముందు మూడు ఉద్యోగాలు పోగొట్టుకున్నాను. ఒకచోట ఫోన్లు ఎత్తలేక, ఒకచోట మొహం చూసి మాట్లాడనని, మూడోచోట ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. ముప్పై దగ్గర పడుతుంటే దొరికిన గది అది. పోతే అలాంటిది మళ్ళీ దొరకదని నాకు బాగా తెలుసు.

పని ఎప్పుడూ కష్టమనిపించలేదు. పనిదాకా పోవడం, పని చేసేవాళ్ళ మధ్య ఉండటం, అదీ కష్టం. కర్మన్‌ఘాట్‌లో షేర్ ఆటో ఎక్కితే రెండు పక్కలా రెండు మోచేతులు, వెనక స్పీకరు. దిగితే హారన్లు, బట్టల కొట్ల వాళ్ళ కేకలు. లోపలికి రాగానే ఎవరో ఒకరు "తిన్నారా మేడమ్" అంటారు. నేను ఏం తిన్నానో, ఎంత మిగిల్చానో చెప్పేదాన్ని. తిన్నానని చెప్పి, మీరు తిన్నారా అని తిరిగి అడగాలట. వదిన నేర్పింది. అడిగేదాన్ని. ఇలాంటివి రోజుకు ముప్పై నలభై గుర్తు పెట్టుకుని, సాయంత్రం ఇల్లు చేరేసరికి నోరు తెరిచే ఓపిక ఉండేది కాదు. వదిన దాన్ని పొగరనుకునేది. పొగరు పడటానికి కూడా ఓపిక కావాలి.

అన్న బస్సు డ్రైవరు. నల్లగొండ దిక్కు ఊరి నుంచి మమ్మల్ని పట్నానికి తెచ్చి, పెళ్ళి వద్దన్న నన్ను ఇంట్లో పెట్టుకున్నవాడు. ఆ రోజుల్లో ఆయన బతుకంతా ఉద్యమమే. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తే ముందు వరుసలో ఉండేవాడు. నాకూ రాష్ట్రం రావాలనే ఉండేది, కానీ డప్పులు మొదలవగానే ఆ చప్పుడుకు అక్కడ నిలవలేకపోయేదాన్ని. ఒకసారి అన్నతో పోయి, పావుగంటకే ఒక దుకాణం వెనక చెవులు మూసుకుని కూర్చున్నాను. అన్న అప్పుడు చాలా చిన్నబుచ్చుకున్నాడు. పైకి చెప్పుకోలేని సంగతి ఇంకొకటుంది. నాకు బంద్ అంటే ఇష్టం. ఆటోలు లేని రోడ్డు మీద కర్మన్‌ఘాట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఒక్కదాన్నే నడిచేదాన్ని. ఊరు రోజూ ఇట్లా ఉంటే నేనూ అందరిలాంటి మనిషినే కదా అనిపించేది.

బంద్ నాడు మా సెంటర్ మూసినట్టు ఉండేది, కానీ మూసేవాళ్ళు కాదు. ముందు షట్టరు మోకాలి ఎత్తు దాకా దించి, "ఈ రోజు సెలవు" అని అట్టముక్క కట్టేవాళ్ళు. పిల్లలు బ్యాగులు లేకుండా, నోటుబుక్కులు కూరగాయల సంచుల్లో పెట్టుకుని వెనక సందులోంచి వచ్చేవాళ్ళు. పైన రెండో అంతస్తులో కిటికీలు మూసి క్లాసు. ఆ వీధిలో అందరికీ అదే అలవాటు. పైన క్లాసు జరుగుతుంటే అట్టముక్క మీద సెలవని తప్పు రాసి ఉందని నేను మొదటిసారే గమనించాను. తీయడం మరిచిపోయారనుకుని రెండుసార్లు తీసి లోపల పెట్టాను కూడా. అటెండరు మళ్ళీ కట్టాడు.

ఒక బంద్ నాడు అటెండరు రాలేదు. సారు నన్ను పిలిచి, కాసేపు షట్టరు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోమన్నాడు. ఎవరైనా వస్తే ఏం చెప్పాలో చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఆయనకు తోచలేదు, అడగాల్సిన సంగతని నాకు తోచలేదు. ప్రశ్నపత్రం ఒళ్ళో పెట్టుకుని దిద్దుతుంటే మెడలో కండువాలతో పది పదిహేను మంది కుర్రాళ్ళు వచ్చారు. మర్యాదగానే అడిగారు.

"అక్కా, లోపట క్లాసులు నడుస్తున్నయా?"

"నడుస్తున్నయి. రెండో అంతస్తుల. తొంభై రెండు మంది ఉన్నరు. మెట్లు ఎనక సందుల ఉన్నయి" అన్నాను.

ఒకతను నన్ను వింతగా చూశాడు. తర్వాత అందరూ సందులోకి పోయారు. పైన బల్లలు చరిచిన చప్పుడు, నినాదాలు, ఏదో అద్దం పగిలిన చప్పుడు వినిపించాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పిల్లలు ఒక్కొక్కరే దిగి వెళ్ళిపోయారు. నేను చెవులు మూసుకుని కుర్చీలోనే ఉన్నాను.

మర్నాటికి నా గురించి రెండు కథలు తయారయ్యాయి. సెంటర్‌లో అందరూ నేను కావాలని పట్టించానన్నారు. ఉద్యమంలో తిరిగే డ్రైవరు చెల్లెలు కదా, ఇంకేం చేస్తుందన్నారు. ఇంట్లోనేమో అన్న నా పళ్ళెంలో తన చేత్తో కూర వడ్డించాడు. చెల్లె మనసులో ఇంత ఉందని తెలియలేదని వదినతో అంటుంటే ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నేను అలా చేయలేదన్నాను. వినయం అనుకున్నాడు. నాలుగు ఆప్షన్లలో సరైన జవాబు లేని ప్రశ్న వస్తే నేను గుర్తు పెట్టి పంపేదాన్ని. ఇక్కడ అట్లా పంపడానికి ఎవరూ లేరు.

సారు చెడ్డవాడు కాదు. సాయంత్రం పిలిచి కూర్చోమన్నాడు. "చూడమ్మా, మిగతావాళ్ళంతా నీ మీద మండిపడుతున్నారు. రేపు అందరి ముందూ భయమేసి చెప్పేశానను. ఆ ఒక్క మాట చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు.

నాకు ఆ గది కావాలి. ఇంటికి పోయి అద్దం ముందు నిలబడి "భయమేసింది సార్" అని అనుకున్నాను. ఇరవై సార్లు అనుకున్నాక బాగానే వచ్చింది. మర్నాడు స్టాఫ్ రూములో ఆరుగురు కూర్చున్నారు. సారు నెమ్మదిగా, జవాబు చేతికి అందిస్తున్నట్టు అడిగాడు: "ఏమ్మా, భయమేసిందా?"

"లేదు సార్" అన్నాను.

గొంతులోంచి వచ్చేసింది. భయం వేయలేదు మరి. సారు కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. నేను నా లైటు, నాలుగు ఎర్ర పెన్నులు సర్దుకుని వచ్చేశాను. ఏడుపు రాలేదు. చాలా అలసటగా ఉంది, అంతే.

తర్వాత ఎన్నో ఉద్యోగాలు చేశాను. ఏదీ ఏడాది నిలవలేదు. పాత ఉద్యోగం ఎందుకు మానేశారని ఇంటర్వ్యూల్లో అడిగితే షట్టరు సంగతి మొత్తం చెప్పేదాన్ని. చెప్పకూడదని ఇంటి నుంచి అనుకుంటూ వెళ్ళినా సరే చెప్పేదాన్ని. రాష్ట్రం వచ్చింది. అన్న మాత్రం ఇంటికి ఎవరొచ్చినా నన్ను చూపించి, "మా చెల్లె. ఉద్యమంల నౌకరి పోగొట్టుకున్నది" అనేవాడు. నేను కాదనేదాన్ని, వాళ్ళు నవ్వేవాళ్ళు.

నలభై దాటాక ఒక దవాఖానలో డాక్టరమ్మ మూడు రోజులు ప్రశ్నలడిగి, ఆటిజం అని కాగితం రాసిచ్చింది. అన్నకు చూపించాను. అది చిన్నపిల్లలకు వచ్చేది కదా అన్నాడు. పిల్లలు పెద్దవుతారు కదన్నా అని, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. అన్న కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే ఆ దినం నువ్వు తెలంగాణ కోసం చెప్పలేదా?"

"లేదన్నా. వాళ్ళు అడిగిన్రు, నేను చెప్పిన."

"గట్లయితే నీ నౌకరి ఉత్తగనే పోయింది."

"అవునన్నా."

కాగితం మడిచి నా చేతికిచ్చాడు. ఆ ఆదివారం బడంగ్‌పేట్ నుంచి చుట్టాలు వచ్చారు. అన్న అలవాటుగా నా వైపు చెయ్యి చూపించి, "మా చెల్లె" అని ఆగిపోయాడు. దిద్దడానికి ఇక అందులో తప్పేమీ లేదు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.