చేలో దిగిన విమానం

తొంభైల్లో ఒక మధ్యాహ్నం చెన్నేకొత్తపల్లి దగ్గర మా శెనక్కాయ చేలో ఇంజను లేని చిన్న విమానం దిగింది. కాయ ఊరే పైరు నలిగిపోయింది. దాన్ని నడిపినాయన ఫోన్ చేయాలని పెనుకొండ బస్సెక్కితే, వదలకుండా నేనూ ఎక్కి పక్కనే కూర్చున్నాను.

"ఏమప్పా, దిగేదానికి నా చేనే దొరికిందా?" బస్సంతా వినేట్టు అరిచాను.

"ఇంకా నేర్చుకుంటున్నానన్నా. ఒక్కడినే ఇంత దూరం రావడం ఇదే మొదలు. గాలి తగ్గిపోయింది. పక్క చేలో ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు, అందుకని ఇటు తిప్పాను."

"నేర్చుకునేది మా పైరు మీదనా?"

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పెనుకొండలో ఆయన లేచినప్పుడు చూశాను, కిటికీ వైపున్న చెయ్యి మోచేతి దాకా రక్తంతో తడిసి ఉంది. అది చూసి కూడా అరుస్తూనే వెనకాల దిగాను. దెబ్బ తగిలిందా అని అడగలేదు. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.