బ్రేకు తొక్కితే దూడ అరుపు

మీరెప్పుడైనా బర్రెల మందకు భయపడి లారీలో దాక్కున్నారా? లేదంటే అదృష్టవంతులు. నేను దాక్కున్నాను. అది కూడా బోనాలకు ఒక్కరోజు ముందు, శాలిబండ ఎత్తు మీద, పట్టపగలు, తెలిసినవాళ్లంతా చూస్తుండగా. లారీ మాదే. బర్రెలు మాత్రం మావి కావు. తంటా అంతా అక్కడే వచ్చింది. కాస్త ఓపిక పట్టండి, నా తెలివితేటలను మొదటినుంచీ చెబితే తప్ప ఆ ఘనత మీకు అర్థం కాదు.

యాభైల నాటి సంగతి. లాల్‌దర్వాజాలో మాది పాల వ్యాపారం. ఇంటి వెనక కొట్టం, కొట్టం నిండా బర్రెలు, ఇంటి ముందు ఒక పాత లారీ. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేస్తే మా బాపు పాడి తెచ్చాడు. కిషన్‌బాగ్ దగ్గర మూసీ ఒడ్డున పెరిగే పచ్చగడ్డిని రోజూ అందులోనే తెచ్చేవాళ్లం. నడిపేది నేను. మీసం ఇంకా సరిగా మొలవలేదు కానీ, స్టీరింగు పట్టుకుంటే మాత్రం నైజాం జాగీర్లన్నీ నావే అనిపించేది.

ఆ ఏడు బాపు ఒక పెద్దమాట అన్నాడు. బోనాల నాటి సాయంత్రం వేపమండలు కట్టి, నైవేద్యం పెట్టి, డప్పులతో అమ్మవారి గుడికి తీసుకుపోయే ఫలహారం బండి ఒకటి మాకుండేది. ఏటా దాన్ని ఎడ్లే లాగేవి. ఈసారి ఎడ్లు వద్దు, లారీనే ఫలహారం బండి చేద్దామన్నాడు. నడిపేది నేనే. బస్తీ బస్తీ అంతా చూస్తుండగా, అమ్మవారి ముందు, నేను! ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

"గని ఒక్క షర్తు," అన్నాడు బాపు, మేనత్త ఊళ్లో పెండ్లికి బయలుదేరుతూ. "నేనొచ్చేదాంక లారీల ఏలు పెట్టకు. ఏమన్న అయిందనుకో, బండి ముట్టనియ్య."

అప్పటికే ఆయన మనసు బాగాలేదు. కొట్టంలో అన్నిటికన్నా మంచి బర్రె గంగ. దాని దూడ చచ్చిపోయింది. దూడ లేనిదే అది చేపడం లేదు. పొదుగు నిండా పాలున్నా ఒక్క చుక్క వదలదు. బాపు ఆ దూడ తోలులో గడ్డి కుక్కించి, కుట్టించి, దాని ముందు నిలబెట్టాడు. గంగ దాన్ని వాసన చూసింది, ఒకసారి నాకింది, తరవాత కుట్లు విప్పి లోపలి గడ్డి తినేసింది. ఊరికి పోయేటప్పుడు కూడా నాకన్నా గంగకే ఎక్కువసేపు జాగ్రత్తలు చెప్పాడు.

ఆయన అటు పోయాడో లేదో, నా బుర్ర ఇటు పని మొదలుపెట్టింది. మా లారీకి రబ్బరు బుడ్డి ఉన్న ఇత్తడి హారన్ ఉండేది. బుడ్డి నొక్కితే భోం అనేది. బోనాల డప్పుల్లో ఆ భోం ఎవరికి వినిపిస్తుంది? పెద్ద పెద్ద మోటారు కార్లకు కరెంటు హారన్లుంటాయి, మనకెందుకు ఉండకూడదు? జుమ్మేరాత్ బజారుకు పోయి, పాత సామాన్ల గుట్టలోంచి ఒక కరెంటు హారన్ ఏరి తెచ్చాను. బిగించడానికి మా దోస్తు యూసుఫ్‌ను పిలిచాను. అతడికి ఉన్న అర్హత ఏమిటంటారా? పెండ్లిళ్లలో బ్యాండు వాయించేవాడు.

"హారన్ గురించి నాకు జెప్తున్నవా?" అన్నాడు యూసుఫ్. "పొద్దుందాక నేను ఊదేది గదే గద. ఫికర్ నక్కో కరో, నేను జూస్కుంట."

కూలీ కింద పాత ఇత్తడి హారన్ తనకే ఇమ్మన్నాడు. ఇచ్చేశాను. ఇక వెనక్కి పోయే దారి లేకుండా చేసుకోవడంలో నన్ను మించినవాడు లేడు.

తీగలన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఏది ఎటు పోవాలో యూసుఫ్ ఒకటనేవాడు, నేను ఇంకొకటనేవాణ్ని. చివరికి ఇద్దరి మాటా కాదనకుండా అన్నీ కలిపి కట్టేశాం. మీట నొక్కాను. హారన్ మోగలేదు. చిటపటమని నిప్పులు రాలాయి, తీగలు కాలిన వాసన వచ్చింది, బానెట్ కింద నుంచి పొగ లేచింది. యూసుఫ్ ఇత్తడి హారన్ చంకన పెట్టుకుని సందు చివర కనబడ్డాడు. మా అమ్మ కొట్టంలోంచి పరుగెత్తుకొచ్చి, చేతికందిన బకెట్ ఎత్తి ఇంజను మీద కుమ్మరించింది. అది నీళ్ల బకెట్ కాదు, బర్రెల కుడితి బకెట్.

నిప్పు ఆరింది. లారీ కూడా ఆరిపోయింది. మర్నాడు రెండు ఎడ్లను కట్టి దాన్ని చార్మినార్ మీదుగా, నయాపూల్ దాటించి, ఒక పెద్ద కంపెనీ షోరూంకి లాక్కుపోయాను. దారిలో కనిపించిన ప్రతివాడూ ఎడ్లు ఎన్ని గేర్ల మీద నడుస్తాయని అడిగాడు. షోరూంలో మెడకు టై కట్టుకున్న సారు బానెట్ ఎత్తి, వేలితో తీగ తాకి, వాసన చూశాడు.

"ఇది ఏం ఆయిల్?"

"కుడితి, సార్."

"ఏ కంపెనీది?"

"మా ఇంట్లదే సార్. తవుడు, గంజి, కూరగాయల తొక్కలు."

టై సారు రుమాలు తీసి వేలు తుడుచుకున్నాడు. శనివారం మధ్యాహ్నానికి కొత్త బండిలా చేసి ఇస్తామన్నాడు. ఆ రోజు సాయంత్రమే బాపు వచ్చేది. నేను మొక్కని దేవుడు లేడు.

శనివారం పోయేసరికి లారీ కడిగి, తుడిచి నిలబెట్టి ఉంది. టై సారు ఎక్కి హారన్ మీట నొక్కాడు. హారన్ మోగలేదు కానీ, లారీ వెనక నిలబడ్డ పనివాడు, "ఎర్ర లైటు ఓకే సార్," అని అరిచాడు. సారు సంతోషించాడు. హారన్ సంగతి అడిగితే ఇంజను వేడెక్కాక అదే మోగుతుందన్నాడు. టై కట్టుకున్న మనిషి అబద్ధమాడతాడా? నమ్మి బండి తీశాను.

గేటు దగ్గర బ్రేకు తొక్కాను. ఎక్కడో దూడ అరిచింది. అంబా అని, సన్నగా, దీనంగా. చక్రం కింద ఏదో పడిందని గబగబా దిగి చూశాను. ఏమీ లేదు. గేటు దగ్గరి జవాను కూడా వంగి చూశాడు. మళ్లీ ఎక్కి మలుపు దగ్గర బ్రేకు తొక్కాను. మళ్లీ దూడ. దారిన పోయే ఒక ముసలమ్మ నోరులేని జీవాన్ని తొక్కించానని నా వంశాన్నంతా తిట్టింది. మూడోసారికి వెలిగింది నాకు. హారన్‌కు పోవలసిన తీగ బ్రేకుకు, బ్రేకు లైటుకు పోవలసిన తీగ హారన్ మీటకు కలిపేశారు. కాలిన హారన్‌ లోపలి రేకు వదులైనట్టుంది, గొంతు పోయి దూడ గొంతు వచ్చింది.

వెనక్కి తిప్పుకుని పోయాను. టై సారు అప్పటికే తలుపులు వేయిస్తున్నాడు.

"హారన్ మోగుతోందా?" అన్నాడు.

"మోగుతుంది సార్, గని..."

"బ్రేకు పడుతోందా?"

"పడుతది సార్, గని..."

"రెండూ పనిచేస్తుంటే కంప్లైంట్ ఏంది? బ్రేకు వేసేటప్పుడు హారన్ కొట్టాల్సిందే కదా. మేము నీకు ఒక పని తగ్గించినం. కాదంటే సోమవారం రా."

ఆదివారం బోనాలు. నేను సోమవారం వచ్చి ఏం చేసుకోను?

సరే, బ్రేకు తొక్కకుండా ఇల్లు చేరదామనుకున్నాను. చార్మినార్ దగ్గర బ్రేకు తొక్కకుండా బండి నడిపినవాడుంటే చూపించండి, వాడి కాళ్లు కడుగుతాను. టాంగాలు, రిక్షాలు, సైకిళ్లు, బేరాలాడే బేగంలు. అడుగడుగుకూ అంబా. జనం నవ్వుతూ దారి ఇచ్చారు. శాలిబండ ఎత్తు ఎక్కుతుండగా నా ముందు, మూసీలో మునిగి తిరిగొస్తున్న బర్రెల మంద కనిపించింది. సాయంత్రం పాలు పిండే వేళకు ఇళ్లకు పోతున్నాయి. సరిగ్గా అప్పుడే ఒక టాంగా అడ్డం వచ్చింది. రెండు కాళ్లతో బ్రేకు తొక్కాను. దూడ గొంతు చించుకుని ఏడ్చింది.

మంద ఆగింది. చెవులన్నీ నా వైపు తిరిగాయి. మరుక్షణం తల్లి బర్రెలన్నీ లారీ మీదికి పరుగు తీశాయి. ఒకటి మడ్‌గార్డ్ నాకుతోంది, ఒకటి తలుపు సందులో మూతి పెట్టింది. అన్నీ చేపుకొచ్చి, పాలు ధారలుగా రోడ్డు మీద పారుతున్నాయి. లారీ వెనక్కి జారుతుందేమోనని నేను కాలు తియ్యలేను, తియ్యకపోతే దూడ ఆగదు. అద్దాలెక్కించుకుని లోపల కూర్చున్నాను. ఇంతలో మంద యజమాని మల్లన్న కర్ర పట్టుకుని వచ్చాడు. మా బస్తీలోనే ఆయనా పాలవాడు.

"దూడనేడ దాసినవ్‌రా?" అన్నాడు.

"దూడ లేదే మల్లన్నా. గది బ్రేకు."

"బ్రేకుకు తల్లి ఉంటదారా?"

మల్లన్న లారీ ఎక్కి వెతికాడు, సీటు కింద చూశాడు, నన్ను కూడా కాస్త జరిపి చూశాడు. నమ్మలేదు. మీ బాపు ముందే తేల్చుకుందామని పక్కనే కూర్చున్నాడు. అలా ముందు లారీ, వెనక మంద, పక్కన మల్లన్నతో లాల్‌దర్వాజా సందులోకి ఊరేగింపుగా వచ్చాను. బోనాలు ఒకరోజు ముందే వచ్చాయేమోనని ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

గుమ్మంలో బాపు నిలబడి ఉన్నాడు. అప్పుడే వచ్చినట్టున్నాడు, భుజాన సంచీ ఇంకా అలాగే ఉంది. ఇంటి ముందు ఆపడానికి చివరి అంబా కూడా అయింది. మల్లన్న దిగి, నేను దూడదొంగనని, ఆ పూట తన పాలన్నీ రోడ్డు పాలయ్యాయని మొర పెట్టుకున్నాడు. నేను స్టీరింగు పట్టుకుని ఆఖరిసారి దాన్ని తృప్తిగా చూసుకున్నాను. ఇక నా బతుకంతా గడ్డి మోపులే అనుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ.

బాపు మాత్రం మల్లన్నను వినడం లేదు. కొట్టం వైపు చెవి పెట్టాడు. లోపలినుంచి ఒక బర్రె గొంతెత్తి పిలుస్తోంది. అది గంగ.

"మళ్ల తొక్కు," అన్నాడు బాపు.

తొక్కాను. కొట్టంలో తలుగు తాడు తెగిన చప్పుడైంది. గంగ పరుగున వచ్చి లారీకి మెడ ఆనించి, లైటు నాకుతూ నిలబడింది. దాని పొదుగు నుంచి పాలు చుక్కలుగా, తరవాత ధారగా రాలాయి. అమ్మ పాలు పిండే సర్వ అందించింది. బాపు సంచీ అలాగే భుజాన ఉండగానే గంగ కింద కూర్చుని పిండడం మొదలుపెట్టాడు. నేను కాలు కాస్త వదిలితే చాలు, తలెత్తకుండానే "తొక్కు" అనేవాడు. సర్వ నిండింది. బాపు కళ్లు కూడా నిండాయి. ఆ పాలు మల్లన్న చేతిలో పెట్టి, నీ గిరాకీలకు పోసుకోమన్నాడు. మల్లన్న సర్వనూ లారీనీ మార్చి మార్చి చూస్తూ పోయాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే రేపు ఫలహారం బండి నేనే నడుపుత గద బాపూ?" అన్నాను.

"గీ లారీ గుడికి పోతే అమ్మవారెనక మనుషులుంటరా, బర్రెలుంటయా? ఎడ్లనే కట్టున్రి," అన్నాడు.

"మరి సోమవారం షోరూంకు తీస్కపోయి బాగు జేయించుకొస్త."

బాపు లారీకి అడ్డంగా నిలబడ్డాడు. "ఒక్క తీగ కదిలిందంటే నీ సంగతి జూస్త. లారీని కొట్టం కాడ పెట్టు."

అలా పెట్టాను. బోనాల సాయంత్రం బయట డప్పులు మోగుతుంటే, ఎడ్లు ఫలహారం బండిని దర్జాగా లాక్కుపోతుంటే, నేను కోరుకున్న స్టీరింగు ముందే కూర్చుని బ్రేకు తొక్కుతూ ఉన్నాను. ఆ రోజే కాదు, గంగ ఒట్టిపోయేదాకా పొద్దునా సాయంత్రం అదే ఉద్యోగం. బస్తీకి డ్రైవర్ని అవుదామనుకున్నాను, గంగకు దూడనయ్యాను.

అందుకే లాల్‌దర్వాజా అమ్మవారి సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో ఏ బండి తీగా ముట్టను. ఇంట్లో బల్బు పోతే చీకట్లోనే అన్నం తింటాను, కానీ స్టూలు ఎక్కను. ఒకవేళ ఖర్మ కాలి ముట్టవలసి వచ్చినా, దూడ లేని బర్రెను ముందు పక్కన కట్టేసుకుని, ఆ తరవాతే ముడతాను.