తాంబూలంలో మౌసు

విజయదశమి రోజు పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గుమ్మంలో నిలబడి మరీ అబద్ధమాడాను.

మండపేటలో మా ఇంటి ముందు గదిలోనే నా డీటీపీ కొట్టు. శుభలేఖలు, మిల్లుల బిల్లు పుస్తకాలు కంప్యూటర్లో కూర్చేవాణ్ణి. ఎదురు కొట్టు ఆవిడదీ అదే పని. ఆ ఉదయం ఆవిడ వచ్చి, "అన్నయ్యగారూ, నా మౌసు చచ్చిపోయిందండీ. పండగని షాపులన్నీ మూసేశారు. సాయంత్రం పెళ్ళివారొచ్చి శుభలేఖ చూసుకుంటారు. పాతదైనా పర్లేదు, ఒకటిద్దురూ" అంది.

ఆ పెళ్ళివారు ముందు నా దగ్గరికే వచ్చి, నా డిజైన్లు నచ్చక ఆవిడ దగ్గరికి వెళ్ళారు.

"నాకున్నది ఒక్కటేనమ్మా. అదీ పూజలో పెడుతున్నాం" అన్నాను.

నిజానికి లోపల బియ్యం డబ్బా నిండా మౌసులే. అడుగున బంతి, పైన మూడు మీటలు, అరచేతికి సరిగ్గా సరిపోయే వీపు. ఎన్నేళ్ళు నొక్కినా మీట వదులయ్యేది కాదు. బంతి తీసి, లోపలి చక్రాలకు పట్టిన మట్టి గోటితో గీకితే మళ్ళీ కొత్తదే. రాజమండ్రి షాపాయన "ఇంక ఈ బంతివి రావండి, అన్నీ అడుగున లైటుండేవే" అన్నప్పుడు కంగారుపడి, మిగిలినవన్నీ సంచిలో వేసుకుని బస్సెక్కాను. "వీటికి పురుగు పట్టదుగా?" అని మా ఆవిడ ఇప్పటికీ ఏడిపిస్తుంది.

దసరాకి మా ఇంట్లో పనిముట్లకు పూజ చేస్తాం. పూజలో పెట్టినవి మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా కదపం. నా అబద్ధం సంగతి తెలియని మా ఆవిడ, డబ్బాలోవి మాత్రం ఏం పాపం చేశాయనుకుందో ఏమో, అన్నీ తీసి అమ్మవారి ముందు వరసగా పేర్చి, పసుపు రాసి కుంకుమ పెట్టింది. అడుగున బంతికి కూడా. పైగా ఎదురు కొట్టు ఆవిడను పేరంటానికి పిలిచింది.

ఆవిడ వచ్చింది. బొట్లు పెట్టుకుని కూర్చున్న మౌసులను చూసింది. తరవాత నన్ను చూసింది. నేను ఫ్యాను వంక చూశాను.

"వదినా, అన్నయ్యగారు ఒక్కటే ఉందన్నారండీ. పొద్దుటి నుంచి పిల్లల్ని పెట్టిందా ఏంటి?"

"ఏవండీ!" అంది మా ఆవిడ. ఆ ఒక్క మాటకే నా చెవులు వేడెక్కాయి.

"పూజలో పెట్టినవి కదపకూడదు కదా" అని నసిగాను.

"మీరు కదపకండి. అమ్మవారే ఇస్తుంది" అంటూ మా ఆవిడ తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళ పక్కన ఒక మౌసు పెట్టి తాంబూలం ఇచ్చేసింది. ఆవిడ కొంగు పట్టి అందుకుంది. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. ముగ్గురం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

కాసేపటికి ఎదురు కొట్టులోంచి కేక. "అన్నయ్యగారూ, తెర మీద బాణం కదలట్లేదండీ!"

చక్రాల నిండా కుంకుమ. వెళ్ళి గీకి ఇచ్చాను. సాయంత్రం పెళ్ళివారు శుభలేఖ చూసి మురిసిపోయారు. నాకూ నచ్చింది, నచ్చిందని వాళ్ళ ముందే చెప్పాను.

మర్నాడు ఉద్వాసన కాగానే సగం మౌసులు సంచిలో వేసుకుని రోడ్డు దాటాను. "నిన్న అబద్ధం చెప్పానమ్మా, తప్పయిపోయింది. ఇవి మీవి. నావి అయిపోతే మీ దగ్గరికే వస్తాను."

"అప్పుడు నేనూ ఒక్కటే ఉందంటానండీ" అంది ఆవిడ నవ్వుతూ.

నేను అక్కడే స్టూలు మీద కూర్చుని, ఒక్కో బంతీ తీసి కుంకుమ తుడిచిపెట్టాను.